తొమ్మిది ముక్కల్లో ఒక చేయి

ఆ పార్లర్లో అద్దాలకేం కొదవ లేదు. గోడ పొడుగునా నిలువుటద్దాలు, కుర్చీ కుర్చీకీ ఎదురుగా ఒకటి, మెడ వెనక జుట్టు చూపించడానికి చేతి అద్దాలు వేరే. పొద్దున తలుపు తీసింది మొదలు ఎటు తిరిగినా తన మొహమే తనకు కనపడే చోట పనిచేసే మనిషి, రెండు రోజులపాటు ఏ అద్దంలోకీ సూటిగా చూడలేకపోయింది. అది ఎవరో చేసింది కాదు, చేతులారా తను చేసుకున్నదే. అందుకే ఎవరిమీదా కోప్పడి తప్పించుకునే వీలు కూడా లేకపోయింది.

ఆమె అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. అక్క చిన్నప్పుడు చిట్టీ అని పిలిచింది, అదే స్థిరపడిపోయింది. బోర్డు మీద చిట్టి బ్యూటీ పార్లర్, కస్టమర్ల నోట చిట్టి మేడమ్. నలభై దాటి, కళ్లజోడు వచ్చి, మోకాళ్లు పట్టేస్తున్నా చిట్టి చిట్టిగానే ఉండిపోయింది.

బోర్డు మీద పేరు చిట్టిదే గానీ పని అక్కది. అక్క ఎక్కడో పెద్ద పార్లర్లో తువ్వాళ్లు ఉతకడానికి చేరి, ఉతుకుతూ ఉతుకుతూ ఓ కన్ను కుర్చీల మీదే వేసి పని నేర్చేసుకుంది. తర్వాత అద్దె ఇంటి ముందుగదిలో, భోజనాల కుర్చీ వీపుకి తలగడ కట్టి, సొంతంగా మొదలుపెట్టింది. అప్పుడు చిట్టి పని పౌడర్ డబ్బా అందించడం, దారం తెంపి ఇవ్వడం. కనుబొమ్మలు తీర్చడంలో అక్క తర్వాతే ఎవరైనా. దారం ఒక కొస పళ్ల మధ్య బిగించి, రెండో కొస వేళ్లకు మెలేసి, పిచ్చుక గింజలు ఏరినట్టు టకటకా ఏరేసేది. నోరు మాత్రం మంచిది కాదు. "కదిలారంటే కనుబొమ్మ ఉండదు, తర్వాత మీ ఇష్టం" అని పెళ్లికూతుళ్లను కూడా బెదిరించేది. అయినా జనం అక్క కోసమే వచ్చేవాళ్లు. చిట్టి చదువూ, పెళ్లీ, మొదటి కాన్పూ అన్నీ ఆ దారం మీదే నడిచాయి.

కొన్నేళ్ల కిందట అక్క వేలి కొసన తెల్లటి చుక్క ఒకటి కనపడింది. బ్లీచ్ పడి ఉంటుందిలే అనుకున్నారు. చుక్క మచ్చయింది, మచ్చ కణుపుల మీదికి పాకింది, తర్వాత ముంజేతి మీద, పెదవి మూల, ఒక కంటి చుట్టూ. బొల్లి అని డాక్టరు ఒక్క చూపులో తేల్చేశాడు. అంటుకునేది కాదు, నొప్పి ఉండదు, ప్రాణానికేం ఢోకా లేదు, చర్మం రంగు పోతుంది అంతే అన్నాడు. అక్క పగలబడి నవ్వింది. "ఊళ్లోవాళ్లందరికీ రంగులు పూసే దానికి, ఉన్న రంగు పోయిందట చూశావా చిట్టీ!" అంది. ఆ రోజు ఇద్దరూ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని మరీ నవ్వారు.

నవ్వు పార్లర్ గుమ్మం దాకానే వచ్చింది. ఒక కస్టమర్ అక్క కుర్చీ దగ్గర ఆగి, చేతుల వైపు చూసి, "చిట్టి మేడమ్ చేస్తే బాగుంటుందండీ, నేను కాసేపు కూర్చుంటాలెండి" అంది. డాక్టరు చెప్పిన మాట అప్పుడు ఒక్కసారి గట్టిగా చెప్పి ఉంటే సరిపోయేది. చిట్టి చెప్పలేదు. "అక్కా, నువ్వు కాస్త నడుం వాల్చు, నేను చేస్తాలే" అంది. రెండోసారి అదే మాట ఇంకా తేలిగ్గా వచ్చింది. కొన్నాళ్లకు అక్క తనంతట తనే తెర వెనక గదిలోకి మారిపోయింది. జుట్టు రంగు కలపడం, తువ్వాళ్లు ఉతకడం, ఫోన్లు ఎత్తడం. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఉండమనలేదు. నోరు విప్పకుండా జరిగిపోయే అన్యాయాల్లో ఉన్న సుఖం ఇదే, ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

ఈ మధ్యే పార్లర్ సందులోంచి మెయిన్ రోడ్డు మీదికి మారింది. కొత్త కుర్చీలు, కొత్త దీపాలు. ఎదురుగా, సరిగ్గా రోడ్డుకి అటువైపు, ఇంకో పార్లర్. దాని యజమానురాలి ఇన్‌స్టా పేజీ తెరిస్తే చాలు, నిలువెత్తు ఫొటో ఒకటి తెరంతా పరుచుకుని కనపడుతుంది. ఒకే ఫొటోని తొమ్మిది చదరాలుగా కోసి, ఒక్కొక్కటీ విడిగా పెడతారట. అవన్నీ పేజీలో మూడు వరుసలుగా కూర్చుని మళ్లీ ఒకే బొమ్మ అయిపోతాయి. చిట్టి పేజీలో మాత్రం ఒక పాదం, ఒక జడ, 'ఈ వారమే తగ్గింపు' అని ఒక ఎర్ర అక్షరాల కాగితం. ఒకదానికొకటి సంబంధం లేకుండా, సంతలో సామాన్లలా ఉంటుంది. చిట్టికి మనసు పీకింది. పులిని చూసి నక్క వాత పెట్టుకుందని అంటారు గానీ, నక్కకు ఎదురింట్లోనే పులి ఉంటే ఎన్నాళ్లని ఊరుకుంటుంది?

స్టూడియో అతన్ని పిలిపించి ఫొటో తీయించింది. మధ్యలో కొత్త కుర్చీలో చిట్టి, ముదురు నీలం బట్టల్లో. ఎడమవైపు పార్లర్లో పనిచేసే అమ్మాయిలిద్దరు. కుడివైపు అక్క. స్టూడియో అతను అందర్నీ దగ్గరికి జరగమంటే అక్క జరిగి, చెల్లెలి భుజం మీద చేయి వేసింది. ఫొటో బాగా వచ్చింది. అందులో అందరికంటే బాగా నవ్వింది అక్కే.

తిప్పలన్నీ కోయడం దగ్గర వచ్చాయి. ముక్కలు చేసే యాప్ ఒకటి ఫోన్లో దించుకుని చిట్టి ఫొటో ఎక్కించింది. ఫొటో ఏమో అడ్డంగా వెడల్పుగా ఉంది, యాప్ ఏమో నాలుగు పక్కలూ సమానంగా ఉండాలంటుంది. చదరపు గీత ఫొటో మీద నిలబడింది. వేలితో అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఎడమకు జరిపితే అక్క పోతుంది. కుడికి జరిపితే అమ్మాయిలు పోతారు. పైనా కిందా తెల్లగా వదిలేస్తే అందరూ పడతారు, కాకపోతే మనుషులు కాస్త చిన్నగా కనపడతారు. ఆ దారి కూడా యాప్ చూపించింది, చిట్టి చూసింది కూడా.

కుడికి జరిపింది. అక్క మొహం గీతలోకి వచ్చింది. నవ్వుతున్న పెదవి మూల తెల్లటి మచ్చ, కంటి చుట్టూ ఇంకొకటి. అందం అమ్మే దుకాణానికి ఇది ముఖచిత్రమా అని చిట్టి లోపల ఎవరో అన్నారు. ఆ ఎవరో కూడా చిట్టే. ఛీ, ఏం ఆలోచిస్తున్నాను అనుకుంది. అనుకుంటూనే వేలు ఎడమకు జరిపింది. మొహం పోయింది, భుజం పోయింది, మోచేయి దాకా పోయింది. ఫొటో చదరం కావాలి కదా, నా చేతిలో ఏముంది అని తనకు తనే చెప్పుకుని, తనే నమ్మింది. తీరా అక్క చేయి మాత్రం చిట్టి భుజం మీదే ఉండిపోయింది. మొత్తం ఫొటోలో అది బట్ట మీది మెరుపులో కలిసిపోయి, చిట్టి కంటికి ఆననే లేదు.

పేజీలో కొత్తగా పెట్టింది ముందు కూర్చుంటుంది కాబట్టి, తొమ్మిది ముక్కల్నీ చివరి నుంచి మొదలుపెట్టి ఎక్కించాలట. వీడియో చూసి అది నేర్చుకుంది. మధ్యాహ్నం కస్టమర్లకీ కస్టమర్లకీ మధ్య ఒక్కో ముక్కే ఎక్కిస్తూ కూర్చుంది. అక్క మడిచిన తువ్వాళ్లు తీసుకుని తెర పక్కకు జరిపి వచ్చింది. చిట్టి ఫోన్ ఠక్కున బోర్లించింది.

"ఏంటే, దేన్ని కోస్తున్నావ్ అంత శ్రద్ధగా?" అంది అక్క.

"నేనేం కొయ్యట్లేదు! ఎవరన్నారు కోస్తున్నానని?"

అక్క వింతగా చూసింది. "కాలిగోళ్లు కోస్తున్నావేమో అనుకున్నానే తల్లీ. కిందికి వంగి కూర్చుంటేనూ" అంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. తువ్వాళ్లు అరలో పెట్టి అక్క లోపలికి వెళ్లిపోయింది. ఇక చిట్టికి ఒకటే ప్రార్థన, అక్క ఈ ఫొటో చూడకూడదు. అక్క ఫోన్ పాతది, పేజీలూ గీజీలూ చూసే అలవాటు లేదు, ఎలా చూస్తుందిలే అని ధైర్యం చెప్పుకుంది.

సాయంత్రానికి బొమ్మ పూర్తయింది. పేజీ తెరిస్తే మధ్యలో మహారాణిలా చిట్టి. ఇంటికెళ్లి మొగుడికి చూపించింది. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు, చేతులకు గ్రీజు, నోటికి వేళాకోళం. "ఒక్క మొహంతోనే వేగలేక చస్తున్నా, దాన్ని మళ్లీ తొమ్మిది చేశావా?" అన్నాడు. కాస్త దగ్గరికి తీసుకుని చూసి, "మరి వదినేది?" అని అడిగాడు.

"ఫొటోలో పట్టలేదు."

"వదిన పట్టలేదా?" అన్నాడు. ఇంకో జోకు వేస్తాడేమోనని చిట్టి ఎదురుచూసింది. వేసినా బాగుండేది. ఆయన ఫోన్ ఆమె చేతిలో పెట్టేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు చిట్టి చేసిన పొరపాటేమిటో చెప్పాలి. అది ఆ వృత్తిలో ఉన్నవాళ్లు మాత్రమే చేసే పొరపాటు. ఎవరి కనుబొమ్మ తీర్చినా, ఎవరి చెంపకు రంగు వేసినా, రెండడుగులు వెనక్కి వేసి అద్దంలో మొహం మొత్తం చూస్తుంది. మొత్తం బాగుంటే పని అయినట్టే. పేజీని కూడా అలాగే వెనక్కి జరిగి మొత్తంగా చూసుకుంది, బాగుంది అనుకుంది. కానీ మిగతా లోకం పేజీకొచ్చి మొత్తం చూడదు. పొయ్యి దగ్గర నిలబడో, బస్సులో వేలాడుతూనో ఫోన్ తిప్పుతుంటారు. వాళ్లకు అందేది ఒక్కో ముక్కే, విడిగా. ఒకరికి చిట్టి నుదురు, ఇంకొకరికి అమ్మాయిల చెప్పులు. చాలామందికి అందింది మధ్య వరుసలో చివరి ముక్క. అందులో ముదురు నీలం భుజం, దాని మీద తెల్లటి మచ్చలతో ఒక చేయి. అంతే, ఇంకేం లేదు. మొత్తంలో కనపడని చేయి ఆ ఒక్క ముక్కలో తెరనిండా ఉంది.

మర్నాడు పొద్దున పార్లర్ తెరవగానే చిట్టి ఫోన్ చూసుకుంది. ఆ ముక్క కింద ఒక వ్యాఖ్య. రాసింది బ్యాంకులో పనిచేసే ఒకావిడ, వచ్చే వారం కూతురి పెళ్లి మేకప్ చిట్టికే అప్పగించింది. 'ఈ చేయి ఎవరిది మేడమ్? మీ స్టాఫా? అంటుకునేదేమోనని అడుగుతున్నా, ఏమీ అనుకోకండి.'

తెర అవతల నీళ్ల చప్పుడు వినపడుతోంది, అక్క తువ్వాళ్లు జాడిస్తోంది. అది మా అక్క చేయి, అంటుకోదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఎంతసేపు? చిట్టి వేలు వేరే రాసింది. 'కాదండీ, మా స్టాఫ్ కాదు. ఎవరో కస్టమర్.' రాసి, నొక్కేసింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దవాళ్లు భయపెట్టేవాళ్లు. ఇప్పుడు పెదవి కదలనక్కర్లేదు, బొటనవేలు చాలు.

కాసేపటికి ఎవరో ఆకతాయి కింద రాశాడు. 'మీ కస్టమర్లు మీ భుజం మీద చేతులేసి ఫొటోలు దిగుతారా మేడమ్?' దాని కింద నవ్వే బొమ్మలు వరసగా. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంకొకటి వచ్చింది. పాత ఇంట్లో, తలగడ కట్టిన కుర్చీ రోజుల నుంచీ వచ్చే టీచరమ్మ రాసింది. 'ఇది మీ అక్క చేయి. నా పెళ్లికి కనుబొమ్మలు తీర్చిన చేయి నాకు తెలియదా? ఎవరో కస్టమర్ అంటావేంటమ్మా చిట్టీ?'

చిట్టికి తల కొట్టేసినట్టయింది. కుర్చీలో ఒకావిడ మొహానికి పూతతో కళ్లు మూసుకుని పడుకునుంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మేడమ్ మొహం అలా పాలిపోవడం చూసి మంచినీళ్లు తెమ్మని కేకలు పెట్టేది. చిట్టి గబగబా ఆ ముక్క మొత్తం తీసిపారేసింది. చేయి పోయింది, వ్యాఖ్యలు పోయాయి, అబద్ధం పోయింది. హమ్మయ్య అనుకుని పేజీ తెరిచింది.

ఒక ముక్క తీస్తే ఖాళీ అలాగే ఉండదు, కింద ఉన్నవి ఒక్కో గడి ముందుకు జరుగుతాయి. కింది వరుసలో మొదటి ముక్క పైకి వచ్చి చేయి ఉన్న చోట కూర్చుంది. అది పార్లర్ అమ్మాయిల పాదాల ముక్క. అక్క చేయి ఉండాల్సిన చోట, మేడమ్ గారి భుజం మీద, రెండు జతల చెప్పులు. కింద చివరి గడిలోకి పాత పోస్టు ఒకటి ఎక్కి 'ఈ వారమే తగ్గింపు' అని ఎర్రగా అరుస్తోంది. పక్కన ఫోన్ చూసుకుంటున్న అమ్మాయిలిద్దరూ మూతికి చేతులడ్డం పెట్టుకున్నారు. వాళ్లను కసురుదామని చిట్టి తలెత్తింది. మళ్లీ దించుకుంది. ఆ చెప్పులు అక్కడ ఉండటమే న్యాయమని తనకే అనిపించింది.

లోపల అక్క ఫోన్ మోగింది. "ఆ, చెప్పండి టీచరమ్మా" అంటోంది అక్క. "అలాగా... ఆ... సరేలెండి" అని పెట్టేసింది. నీళ్ల చప్పుడు మళ్లీ మొదలవుతుందని చిట్టి చెవులు రిక్కించింది. మొదలవలేదు. కాసేపయ్యాక అక్క సంచీ భుజాన వేసుకుని బయటికి వచ్చింది.

"తువ్వాళ్లు ఆరేశాను. తలనొప్పిగా ఉంది, వెళ్తున్నా" అంది. ఇన్నేళ్లలో అక్క పార్లర్ మూయకుండా ఇంటికి వెళ్లిన రోజు లేదు. అక్కా అని పిలవాలనుకుంది చిట్టి. పడుకున్నావిడ మొహం మీద ఎండిపోతున్న పూతను తడిగుడ్డతో తుడుస్తూ ఉండిపోయింది. అంత సిగ్గు చిట్టి పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ పడలేదు.

సాయంత్రం అందరూ వెళ్లాక తలుపు దగ్గరికేసి కూర్చుంది. మిగిలిన ముక్కలన్నీ ఒక్కొక్కటే పీకేసింది. ఆ తర్వాత అసలు ఫొటోని కోయకుండా, అందరూ ఉండేలా పెట్టింది. కింద రాసింది. 'ఈమె మా అక్క. నాకు ఈ పని నేర్పింది ఈమే. ఈమె ఒంటి మీది మచ్చలు అంటుకునేవి కావు. నేను ఈమెను ఫొటోలోంచి తీసేశాను, ఎవరో కస్టమర్ అని అబద్ధం చెప్పాను. సిగ్గుపడాల్సింది నేను.' రాస్తుంటే కళ్లు కారాయి. పెట్టేశాక గుండెల మీది బండ దిగినట్టయింది.

ఇక చూడాలి, ఎర్ర గుండెలు వానలా కురిశాయి. ఎంత ధైర్యం అన్నారు. కళ్లు చెమర్చాయి అన్నారు. మీలాంటి చెల్లెలు దొరకడం ఆవిడ అదృష్టం అన్నారు. బ్యాంకావిడ కూడా, తప్పుగా అడిగాను క్షమించండి, మీరు గొప్పవారు అని రాసింది. చెప్పడానికే సిగ్గుగా ఉంది గానీ, అవన్నీ చదువుతుంటే చిట్టికి హాయిగానే అనిపించింది. మొగుడికి కూడా చదివి వినిపించింది. ఆయన "వదినకు ఫోన్ చేశావా?" అన్నాడు. "రేపు కలుస్తాను కదా" అంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. చిట్టి కాలు కడుక్కుంది సరే, ఆ నీళ్లు వెళ్లి ఎవరి మీద పడ్డాయో చూసుకోలేదు.

మర్నాడు అక్క వెనక తలుపు నుంచి రాలేదు. కస్టమర్లు వచ్చినట్టు రోడ్డు వైపు నుంచి, అద్దాల తలుపు తోసుకుని వచ్చింది. లోపలి గదిలోకి వెళ్లకుండా, గోడవార బల్ల మీద ఇద్దరు కస్టమర్ల పక్కన, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మేడమ్ గారికి ఖాళీ అయ్యాక చెప్పమ్మా" అంది పార్లర్ అమ్మాయితో. ఆ పిల్ల ఏం చేయాలో తెలియక చిట్టి వైపు చూసింది.

చిట్టి చేతిలో పని వదిలేసి వచ్చి పక్కన నిలబడింది. "ఏంటక్కా ఇది?" అంది గొంతు తగ్గించి.

"కనుబొమ్మలు పెరిగాయి. మీరు బాగా చేస్తారని విన్నాను."

మీరు అంది. పుట్టి బుద్ధెరిగాక అక్క నోట మీరు అనిపించుకోవడం చిట్టికి అదే మొదలు. చెంపదెబ్బ కొట్టినా ఇంతకంటే నయంగా ఉండేదనిపించింది.

"అక్కా, నిన్న ఫొటో మొత్తం పెట్టాను, చూశావా? నేను చేసిందంతా రాసేశాను. ఎంతమంది నీ గురించి..."

"చూశాను. మీ బావ చూపించాడు." అక్క గొంతు కూడా తగ్గే ఉంది, కానీ మీరు అనడం మాత్రం ఎగిరిపోయింది. "పొద్దున గేటు దగ్గర పక్కింటావిడ ఆపింది. ఇన్నేళ్ల నుంచి రోజూ కనపడే మనిషి. నా చేయి పట్టుకుని, పర్లేదమ్మా, సిగ్గుపడకు అంది. నేనెప్పుడు సిగ్గుపడ్డానే? బస్సులో ఎవరో పిల్ల లేచి సీటిచ్చింది, ఫోన్లోకీ నా మొహంలోకీ మార్చి మార్చి చూస్తూ. తీసేసేటప్పుడు నన్ను అడగలేదు. సరే, అడిగే మొహం లేదనుకున్నా. పెట్టేటప్పుడైనా అడగాలా వద్దా?"

ఎర్ర గుండెలన్నీ ఎవరికి వచ్చాయో, మచ్చలన్నీ ఎవరి పేరున ఊరంతా తిరిగాయో ఇప్పుడు తెలిసింది. మొదట చేసింది పిరికితనం. నిన్న చేసిందేమో మంచితనమనుకుంది. రెంటికీ వాడుకుంది అక్కనే.

"ఏం చేయమంటావు అక్కా?" అని అడిగింది. అసలు అడగాల్సిన మాట అదొక్కటే, అన్నిటికంటే చివర వచ్చింది.

"తీసెయ్."

చిట్టి అక్కడే నిలబడి తీసేసింది. అన్ని గుండెలూ, అన్ని పొగడ్తలూ ఒక్క నొక్కుతో పోయాయి. ఫోన్ తిప్పి చూపించబోతే అక్క చూడలేదు. లేచి వెళ్లి ఖాళీ కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చింది.

చిట్టి కనుబొమ్మల మీద పౌడర్ అద్దింది. దారం తెంపి, కొస పళ్ల మధ్య పెట్టుకుంది. అక్క ఎవరూ చెప్పకుండానే తన వేళ్లతో నుదుటి చర్మాన్ని పైకీ, కనురెప్పను కిందికీ లాగి పట్టుకుంది. తెల్లగా పాలిపోయిన ఆ వేళ్లు చిట్టి మొహానికి బెత్తెడు దూరంలో ఉన్నాయి. దారం పట్టు తప్పింది. ఒకచోట చర్మం చురుక్కుమని ఉంటుంది, అక్క కదల్లేదు. ఎలాగో మొదటి కనుబొమ్మ పూర్తయింది. అక్క కంటి కొస నుంచి నీళ్లు జారాయి. కనుబొమ్మలు తీస్తుంటే ఎవరికైనా వస్తాయి గనక అవి ఏ నీళ్లో అడగడానికి వీల్లేదు.

బల్ల మీద కూర్చున్న ఆవిడ ఇటే చూస్తోంది. మొదటిసారి వచ్చింది, ఈ గొడవేదీ తెలిసినట్టు లేదు. "మేడమ్, ఆవిడ మీకేమవుతారు? ముక్కూ నుదురూ అచ్చం మీలాగే ఉన్నాయి" అంది.

దారం పళ్ల మధ్య ఉంటే మాట్లాడటం కుదరదు. చిట్టి దారం వదిలేసింది. నిటారుగా నిలబడి, అమ్మాయిలకూ బల్ల మీద వాళ్లకూ అందరికీ వినపడేలా చెప్పింది.

"మా అక్కండీ."

అక్క కళ్లు తెరవలేదు.

"కాదండీ, కస్టమర్‌ని" అంది.

ఆవిడ అదేదో అక్కాచెల్లెళ్ల వేళాకోళం అనుకుని నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. చిట్టి కిందపడిన దారం తీసి పారేసి, కొత్తది తెంపుకుని కొస పళ్ల మధ్య పెట్టుకుంది. రెండో కనుబొమ్మ ఇంకా మిగిలే ఉంది.